మొదటి హెల్పర్ నుంచి ఇరవయ్యో ఉద్యోగి దాకా: చిన్న వ్యాపారికి తెలియాల్సిన చట్టం

షాపు పెట్టాలనుకునేవాళ్లు ఆడిటర్ దగ్గరికి వెళ్లి మొదట అడిగేది జీఎస్టీ గురించే. పన్ను అంటే భయం కాబట్టి అది సహజమే. కానీ చిన్న వ్యాపారాల్లో గొడవలు ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల: భాగస్వాముల మధ్య, పనిచేసేవాళ్లతో. ఆ రెండింటికీ కావలసిన కాగితాలు మొదటి నెలలోనే రాసుకుంటే ఖర్చు చాలా తక్కువ. గొడవ మొదలయ్యాక రాయాలంటే ఎవరూ సంతకం పెట్టరు.

చెప్పడానికి వీలుగా ఒక ఉదాహరణ తీసుకుందాం. తణుకులో ఇద్దరు మిత్రులు కలిసి బేకరీ పెడుతున్నారు. ఒకరిది డబ్బు, మరొకరిది పనితనం. మొదట ఒక మాస్టర్, ఇద్దరు హెల్పర్లు. నడిస్తే పాలకొల్లులో రెండో బ్రాంచి. వీళ్లకు ఏ దశలో ఏ చట్టం ఎదురవుతుందో వరసగా చూద్దాం.

మొదటి మెట్టు: వ్యాపారం ఎవరి పేరు మీద

ఒక్కరే నడిపితే అది సొంత వ్యాపారం. చట్టం దృష్టిలో షాపూ మీరూ ఒకటే. షాపు అప్పు తీరకపోతే మీ ఇల్లు కూడా అప్పులవాళ్లకు అందుబాటులోకి వస్తుంది.

ఇద్దరు కలిస్తే 1932 నాటి భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. ఇక్కడ చాలామంది ఆలోచించని విషయం ఒకటుంది. ఫర్మ్, అంటే భాగస్వామ్య సంస్థ, చేసిన అప్పుకు ప్రతి భాగస్వామీ మొత్తానికి బాధ్యుడే. 'నా వాటా సగమే కదా' అని మీలో మీరు అనుకోవచ్చు, మైదా సప్లై చేసినవాడికి మాత్రం ఆ లెక్క పట్టదు. ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు.

భాగస్వామ్య పత్రంలో లాభం ఎంతెంత అన్నది అందరూ రాస్తారు. రాయనివే ముఖ్యం. పనిచేసే భాగస్వామికి జీతం ఉందా, ఎంత మొత్తం దాటితే ఇద్దరి సంతకం కావాలి, ఒకరు తప్పుకుంటే లెక్క ఎలా కడతారు, షాపు పేరు ఎవరికి మిగులుతుంది, ఒకరు చనిపోతే ఏం చేస్తారు. ఇవి అడగడానికి మొహమాటపడతారు, స్నేహం కదా అని. స్నేహం ఉన్నప్పుడు అడిగితేనే జవాబు మర్యాదగా వస్తుంది.

పత్రం రాసి ఊరుకోకుండా రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించండి. చట్టం తప్పనిసరి అనదు. కానీ రిజిస్టర్ కాని ఫర్మ్, తనకు రావలసిన బాకీ కోసం ఒప్పందం ఆధారంగా బయటివాళ్ల మీద దావా వేయలేదు. బయటివాళ్లు మాత్రం ఆ ఫర్మ్ మీద వేయవచ్చు. కల్యాణ మండపం వాళ్లు రెండు లక్షల కేకుల బిల్లు ఎగ్గొట్టిన రోజు ఈ తేడా తెలుస్తుంది.

విడిపోయేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. తప్పుకున్న భాగస్వామి బహిరంగ ప్రకటన ఇవ్వకపోతే, ఆ తర్వాత ఫర్మ్ చేసిన అప్పులకూ అతన్ని పట్టుకోవచ్చు. రిజిస్టర్ అయిన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్‌కు తెలియజేయడం, గెజిట్‌లోనూ స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటించడం, మూడూ జరగాలి.

ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం), ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలలో మీ బాధ్యత పెట్టిన పెట్టుబడి వరకే. ఆ రక్షణ నిజమే, కానీ బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు డైరెక్టర్ల వ్యక్తిగత గ్యారంటీ అడుగుతుంది. సంతకం పెట్టారంటే ఆ అప్పు వరకు రక్షణ పోయినట్టే. ఒక్క బేకరీకి కంపెనీ అక్కర్లేదనే నా అభిప్రాయం. బయటి పెట్టుబడి తెచ్చే ఆలోచన ఉంటే అప్పుడు చూసుకోవచ్చు.

రెండో మెట్టు: షట్టర్ ఎత్తే ముందు

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, తినే వస్తువులు కాబట్టి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్, కార్మిక శాఖలో షాపులు, సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్. ఈ చివరిది వ్యాపారం మొదలైన 30 రోజుల్లో చేయించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ మూలం 1988 నాటి చట్టమే. ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

జీఎస్టీ దగ్గర రెండు రాష్ట్రాలకూ తేడా ఉంది. కేవలం సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. తణుకు బేకరీలో నాలుగు టేబుళ్లు వేసి టీ, పఫ్ వడ్డించడం మొదలుపెడితే అందులో సేవ కూడా కలుస్తుంది కాబట్టి అక్కడా 20 లక్షల లెక్కే చూసుకోవాలి.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్ ఉంటే చాలు. డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది దళారీ సైట్ అని అర్థం. దీని ఉపయోగం ఎక్కడో చివర్లో చెబుతాను.

మూడో మెట్టు: తలల లెక్క

ఉద్యోగ చట్టాల్లో ఎక్కువ భాగం ఎంతమంది పనిచేస్తున్నారన్న దాని మీద నడుస్తుంది. 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత 29 కేంద్ర చట్టాల స్థానాన్ని తీసుకున్నాయి. రాష్ట్ర షాపుల చట్టం మాత్రం కొనసాగుతోంది. కాబట్టి చిన్న వ్యాపారి రెండింటినీ చూసుకోవాలి.

ఒక్క మనిషిని పెట్టుకున్నా వర్తించేవి: కనీస వేతనం, సమయానికి జీతం, వారానికి 48 గంటల పరిమితి, వారానికో సెలవు, అదనపు గంటలకు రెట్టింపు జీతం. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. 14 నుంచి 18 మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. ఓవెన్లు, మిక్సింగ్ మిషన్లు ఉండే చోట 18 నిండినవాళ్లనే తీసుకుని స్కూలు సర్టిఫికెట్ కాపీ ఫైల్లో పెట్టుకోండి. నెల జీతం 15,000 దాటితే వృత్తి పన్ను కోయాలి: 20,000 వరకు నెలకు 150 రూపాయలు, ఆపైన 200.

పది మంది అయ్యేసరికి ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య, ప్రమాద బీమా), గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం), ప్రసూతి సెలవు, నియామక పత్రం, లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ వచ్చి చేరతాయి. ఈ కమిటీకి మహిళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటినుంచి ఒకరుండాలి. పదిమంది లోపు ఉన్న చోట చట్టం వర్తించదనుకోవడం పొరపాటు. అక్కడి ఉద్యోగినులు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఇరవై మంది అయితే పీఎఫ్ (భవిష్య నిధి), బోనస్.

ఇక్కడే చాలామంది తెలివి చూపిస్తారు. తణుకులో 12 మంది, పాలకొల్లులో 9 మంది, వేర్వేరు షాపులు కాబట్టి పీఎఫ్ అక్కర్లేదంటారు. ఒకే సంస్థ శాఖలన్నీ పీఎఫ్‌కు ఒకే లెక్క. కాంట్రాక్టర్ ద్వారా వచ్చి ఊడ్చేవాళ్లనూ ఆ లెక్కలో కలుపుతారు. ఒకసారి పీఎఫ్, ఈఎస్ఐ పరిధిలోకి వచ్చాక మనుషులు తగ్గినా బయటపడరు.

నాలుగో మెట్టు: మనిషిని తీసుకునేటప్పుడు

నియామక పత్రం పెద్ద ఇంగ్లీషులో ఉండక్కర్లేదు. తెలుగులో ఒక పేజీ చాలు. పేరు, పని, చేరిన తేదీ, జీతం ఏయే భాగాలుగా ఎంత, పని వేళలు, సెలవు రోజు, ప్రొబేషన్ ఎన్నాళ్లు, మానేయాలంటే ఎవరు ఎంత ముందు చెప్పాలి. రెండు కాపీలు, రెండింటిమీదా ఇద్దరి సంతకాలు. పదిమంది లోపే ఉన్నా ఇవ్వండి. రేపు జీతం ఎంత ఒప్పుకున్నారన్న తగాదా వస్తే మిమ్మల్ని కాపాడేది అదే.

జీతం భాగాలు చేసేటప్పుడు కొత్త నియమం గుర్తుంచుకోవాలి. వేతనం లెక్కలోకి రాని ఇంటి అద్దె అలవెన్సు వంటివన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంత మేర తిరిగి 'వేతనం'లో కలుస్తుంది. మాస్టర్‌కు నెలకు 20,000 ఇస్తూ బేసిక్ 6,000, మిగతా 14,000 రకరకాల అలవెన్సులు అని రాశారనుకోండి. 10,000 దాటిన 4,000 వెనక్కి వచ్చి వేతనం 10,000 అవుతుంది. ఏడేళ్ల తర్వాత అతను మానేస్తే గ్రాట్యుటీ ఆ 10,000 మీదే: 10,000ను 15తో గుణించి, 26తో భాగించి, 7తో గుణిస్తే సుమారు 40,385 రూపాయలు. 6,000 మీద అయితే 24,231 అయ్యేది. బేసిక్ తగ్గించి రాసే పాత చిట్కా ఇక పనిచేయదు.

బాండ్ల గురించి ఎక్కువమందికి సందేహం. రెండు రకాలు కలిపేసి మాట్లాడతారు. 'మానేశాక ఈ ఊళ్లో ఇంకో బేకరీలో చేరకూడదు' అన్న షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. సంతకం పెట్టించుకున్నా చెల్లదు. 'ఇన్నాళ్లలోపు మానేస్తే ఇంత కట్టాలి' అన్నది వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. నియామకానికి బ్యాంకు పెట్టే ఖర్చునూ, ఆ ఉద్యోగి హోదాకు ఆ మొత్తం మోయలేనిది కాదన్న విషయాన్నీ కోర్టు చూసింది. దీన్ని చూపించి 11,000 జీతమున్న హెల్పర్ దగ్గర లక్ష రూపాయల బాండ్ రాయించుకుంటే అదే ఫలితం వస్తుందని ఆశపడకండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు మానుకోండి. దానివల్ల మనిషి ఆగడు, కేసు మాత్రం మీమీదికే తిరుగుతుంది.

ఐదో మెట్టు: జీతం, కోతలు, అడ్వాన్స్

కనీస వేతనాన్ని రాష్ట్ర ప్రభుత్వం పని రకాన్ని బట్టి నోటిఫై చేస్తుంది. ధరల సూచీని బట్టి కరువు భత్యం మారుతుంటుంది కాబట్టి పాత కాగితం చూసి ఊరుకోకుండా కార్మిక శాఖ తాజా పట్టిక చూడాలి. ఉద్యోగి తక్కువకు ఒప్పుకున్నాడన్నది జవాబు కాదు. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది.

నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు అందాలి. బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో వేయండి. చేతికిస్తే రిజిస్టర్లో సంతకం తీసుకోండి. జీతం రాలేదని ఉద్యోగి క్లెయిమ్ వేస్తే, ఇచ్చామని రుజువు చేయాల్సిన భారం కొత్త వేతన కోడ్‌లో యజమానిదే.

కోతల విషయంలో మనవైపు షాపుల్లో జరిగేవాటిలో సగం చట్టానికి నిలవవు. సాయంత్రం కౌంటర్లో 800 తక్కువ వచ్చిందని నలుగురి జీతంలోంచి రెండేసి వందలు కోయడం అలాంటిదే. నష్టానికి కోయాలంటే ఆ డబ్బు లేదా సరుకు ఆ మనిషికే అప్పగించి ఉండాలి, నష్టం అతని నిర్లక్ష్యం వల్ల జరిగి ఉండాలి, కోసే ముందు అతని సంజాయిషీ అడగాలి. ఒక రోజు రాకపోతే ఒక రోజు జీతమే కోయాలి, రెండు రోజులది కాదు. ఏ కారణంతో కోసినా మొత్తం కోతలు ఆ నెల జీతంలో సగం దాటకూడదు.

ఇక అడ్వాన్స్. బేకరీ మాస్టర్లు, స్వీట్ మాస్టర్లు, ఇటుక బట్టీ పనివాళ్లు, వంటవాళ్లు, ఎవరిని తీసుకున్నా యాభై వేలో లక్షో ముందివ్వందే రారు. ఇవ్వడం తప్పు కాదు. తిరిగి వసూలు చేసే పద్ధతిలోనే యజమానులు చిక్కుల్లో పడతారు. నెలనెలా ఒప్పుకున్న వాయిదా కోసుకోవచ్చు. అయితే పనిలో చేరడానికి ముందిచ్చిన డబ్బును మొదటి పూర్తి నెల జీతం నుంచే కోత మొదలుపెట్టి రాబట్టుకోవాలి, ప్రయాణ ఖర్చులకని ఇచ్చింది అసలు కోయకూడదు. అంటే ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాడికి ఇచ్చిన రైలు ఖర్చు మీదే.

'అడ్వాన్స్ తీరేదాకా వెళ్లడానికి వీల్లేదు' అన్న మాట మాత్రం నోట రాకూడదు, వాట్సాప్‌లో అసలే రాకూడదు. అప్పు పేరుతో మనిషిని పనిలో కట్టిపడేయడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. అతను వెళ్లిపోతే మిగిలిన బాకీ మామూలు అప్పులాగే వసూలు చేసుకోవాలి. అందుకే ఇచ్చేటప్పుడే తేదీ, మొత్తం, నెల వాయిదా రాసి సంతకం తీసుకోండి. మూడేళ్లలోపు దావా వేయకపోతే కాలదోషం పడుతుంది. నన్నడిగితే, వదులుకోగలిగినంత మించి అడ్వాన్స్ ఇవ్వకపోవడమే మేలు.

ఆరో మెట్టు: ఈఎస్ఐ, పీఎఫ్

ఈఎస్ఐ నెలకు 21,000 లోపు వేతనం ఉన్నవాళ్లకు. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. 12,000 వేతనానికి అతనిది 90, మీది 390 రూపాయలు. పిండి కలిపే మిషన్లో చెయ్యి పడితే వైద్యం, వేతన నష్టం, పింఛను ఈఎస్ఐ చూసుకుంటుంది. అది లేకపోతే పరిహారం మీ జేబులోంచి పోయే పరిస్థితి రావచ్చు. ఈ 390 దండగ అనేవాళ్లు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

పీఎఫ్‌లో మామూలుగా ఇద్దరి వాటా 12 శాతం చొప్పున. ఈఎస్ఐ, పీఎఫ్ రెండింటికీ గడువు తర్వాతి నెల 15. చేతిలో డబ్బులేదని ఉద్యోగి జీతంలోంచి కోసిన పీఎఫ్‌ను వాడుకోవడం మామూలు బాకీ కాదు, క్రిమినల్ కేసు. సరుకు బాకీ ఒక నెల ఆపండి, ఇది ఆపకండి.

ఏడో మెట్టు: పంపించేటప్పుడు

'రేపటినుంచి రావద్దు' అని ఫోన్లో చెప్పేయడం మనకు అలవాటు. షాపుల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసిన మనిషిని తగిన కారణం లేకుండా తీయకూడదు. తీస్తే నెల ముందు రాతపూర్వక నోటీసు, లేదా నెల జీతం. ఏడాది దాటినవాళ్లకు దీనికి అదనంగా ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున సర్వీసు పరిహారం. తొలగింపు ఉత్తర్వు రాతలో ఉండాలి. కాపీ ఉద్యోగికీ, మూడు రోజుల్లో ఆ ప్రాంత కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్‌కూ చేరాలి.

దొంగతనం, దుష్ప్రవర్తన లాంటివైతే నోటీసు కాలం అక్కర్లేదు, కానీ విచారణ కావాలి. పెద్ద తతంగమేమీ కాదు. ఏం జరిగింది, ఏ తేదీన, ఎంత మొత్తం అన్నది రాసి షోకాజ్ నోటీసు ఇవ్వండి. జవాబుకు కొన్ని రోజుల గడువివ్వండి. అతని మాట విని, చూసినవాళ్ల మాటలు రాసుకుని, సంతకాలు తీసుకోండి. ఆరోపణ చేసినవారే విచారణ చేయకూడదు. భాగస్వాముల్లో రెండోవారో, బయటి న్యాయవాదో చేస్తే నిలుస్తుంది. సీసీ టీవీ ఫుటేజీ ఉంటే వెంటనే కాపీ చేసుకోవాలి, రికార్డర్ పాతవాటిని చెరిపేస్తుంది.

చెప్పాపెట్టకుండా మానేసినవాడి సంగతేమిటి? రావడం లేదు కాబట్టి పేరు కొట్టేశాం అంటే కుదరదు. ఇంటి అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో, ఫలానా తేదీలోపు వచ్చి పనిలో చేరండి, రాలేకపోతే కారణం చెప్పండి అని రాయండి. జవాబు లేకపోతే ఇంకొకటి. ఆ రసీదులు దాచండి. ఆరు నెలల తర్వాత వచ్చి 'నన్ను తీసేశారు' అంటే మీ పక్షాన మాట్లాడేవి అవే.

మానేసినా, తీసేసినా రావలసిన వేతనం రెండు పని దినాల్లో ఇచ్చేయాలని వేతన కోడ్ చెబుతోంది. పాత పద్ధతిలో 'వచ్చే నెల పదో తారీఖున రా' అనడం కుదరదు. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువుంది. మామూలుగా అయిదేళ్ల సర్వీసు నిండాలి. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది చేసినా దామాషా ప్రకారం వస్తుంది.

ఎనిమిదో మెట్టు: వివాదం వచ్చాక

ఉద్యోగి జీతం బాకీ క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువుంది. బాకీతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం విధించే అధికారం విచారణాధికారికి ఉంది. కార్మిక శాఖ నుంచి కాగితం వస్తే భయపడి దాచిపెట్టడం, ఆ ఉద్యోగి ఇంటికి మనుషుల్ని పంపడం, రెండూ వద్దు. తేదీకి హాజరు కండి. జీతాల రిజిస్టర్, బ్యాంకు స్టేట్‌మెంట్, నియామక పత్రం పట్టుకెళ్లండి. ఇవ్వాల్సింది నిజంగా ఉంటే మొదటి వాయిదాలోనే ఇచ్చి, రాజీ పత్రం మీద అధికారి ఎదుటే సంతకాలు చేయించుకోండి.

మీకు రావలసిన డబ్బు సంగతికొస్తే, చెక్కు బౌన్స్ అయినట్టు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే, ఆ తర్వాత ఒక నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. బంధువుల ద్వారా చెప్పించుకుంటూ ఈ తేదీలు దాటబెట్టేవాళ్లు చాలామంది.

ఉద్యమ్ సంగతి ఇక్కడ పనికొస్తుంది. మీ బేకరీ రోజూ ఒక పెద్ద హోటల్‌కు బ్రెడ్ సప్లై చేస్తోందనుకోండి. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం ఆ హోటల్ గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. దీనికోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే, ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. కానీ సప్లై మొదలుపెట్టే ముందే ఉద్యమ్ నంబర్ ఉండి, అది బిల్లుల మీద ముద్రించి ఉండాలి. బాకీ పడ్డాక రిజిస్టర్ చేసుకుంటే అవతలి న్యాయవాది మొదట లేవనెత్తే అభ్యంతరం అదే అవుతుంది.

చిన్న మొత్తాలకు కోర్టు మెట్లెక్కే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పిలిపిస్తారు, ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు. అందుకే సంతకం పెట్టేముందు అంకెలు, చెల్లించే తేదీలు, కట్టకపోతే వడ్డీ ఎంత అన్నది అందులో రాశారో లేదో చదువుకోండి.